వామనగుంటల పీటలో ట్యాపెట్లు

మా అత్త పోయిందన్న కబురు ఆవిడ లారీయే మోసుకొచ్చింది. అనకాపల్లిలో మా వీధి మలుపు తిరుగుతున్నప్పుడే ఆ చప్పుడు పట్టుకున్నాను. ఇంజను గురగుర మధ్యలో, ఎవరో వేలి కణుపుతో తలుపు తట్టినట్టు టక్, టక్, టక్. పొద్దున్నే పప్పు కడుగుతున్నదాన్ని, అత్త వచ్చింది, బెల్లం కూడా తెచ్చుంటుంది అనుకుంటూ కొంగుకి చేతులు తుడుచుకుని వీధిలోకి వెళ్ళేను. క్యాబిన్లో అత్త కూర్చునే పక్క ఖాళీగా ఉంది. డ్రైవరు ఒక్కడే దిగేడు. ఇంజను ఆపడం కూడా మర్చిపోయేడు. "అమ్మ ఎల్లిపోయిందమ్మా. తెల్లారి లెగనేదు," అని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, ఆ చప్పుడు మీద కోపం వచ్చింది. ముందు దాన్ని ఆపరా బాబూ అన్నాను. ఆపేడు. వీధంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయేసరికి అప్పుడు ఏడ్చేను.

మీలో చోడవరం రోడ్డు మీద తిరిగినవాళ్ళుంటే ఆ చప్పుడు వినే ఉంటారు. చెరుకు సీజన్లో ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలన్నీ వరసగా నిలబడి ఉంటే, కళ్ళు మూసుకున్నవాళ్ళు కూడా మా అత్త లారీ ఏదో చెప్పగలిగేవారు. అది ఏం చప్పుడో, దానితో మా అత్త ఇన్నేళ్ళు ఎలా కాపురం చేసిందో చెప్పకుండా అత్త గురించి చెప్పడం నాకు చేతకాదు. అందుకని కాస్త ఓపిక పట్టండి, ముందు ఇనప సామాను గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

అత్తంటే మా నాన్నకి అక్క. మావ డీజిలు మేస్త్రి. ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, షెడ్డు వెనకాలే రెండు గదుల ఇల్లు. పిల్లల్లేరు. నీళ్ళింజన్లు, గానుగ ఇంజన్లు, లారీలు, ఏది చెడినా మావ దగ్గరికే వచ్చేవి. ఇంజను విప్పడం, బిగించడం మావ పని. విప్పిన సామాను కిరసనాయిల్లో కడగడం, తుడవడం, పేర్చడం అత్త పని. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పగించలేదు. మొగుడు మకిలి సామాను మకిలిగానే తిరిగి బిగించేస్తున్నాడని చూడలేక తనే లాక్కుంది. చిన్నప్పుడు అత్త ఒళ్ళో పడుకుంటే పసుపు వాసనా కిరసనాయిలు వాసనా కలిసి వచ్చేవి. ఇప్పటికీ దీపంలో కిరసనాయిలు పోస్తుంటే నాకు నిద్రొస్తుంది.

లారీ ఇంజనులో ఒక పొడుగాటి షాఫ్టు తిరుగుతూ ఉంటుంది, దాన్ని క్యామ్ షాఫ్టు అంటారు. దాని మీద గుబ్బలు గుబ్బలుగా ఉంటాయి. ఒక్కో గుబ్బ మీద ఒక్కో ట్యాపెట్టు నిలబడి ఉంటుంది, బొటనవేలంత ఇనప ముక్క. గుబ్బ లేస్తే ట్యాపెట్టు లేస్తుంది, ట్యాపెట్టు లేస్తే పైన రాకరు అనే చిన్న మీట ఊగి వాల్వుని తెరుస్తుంది. అంతే కథ. కానీ కొన్నేళ్ళు కలిసి తిరిగేసరికి ఒక్కో ట్యాపెట్టు మొహం, అంటే గుబ్బకి ఆనే అడుగు, దాని గుబ్బకి తగ్గట్టు అరుగుతుంది. విప్పినప్పుడు వరస తప్పి ఒకదాని గుబ్బ మీద ఇంకోదాన్ని పెట్టేమా, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. "కలిసి అరిగినోటిని విడదియ్యకూడదే," అనేవాడు మావ. అత్త నవ్వు దాచుకోడానికి కిరసనాయిలు పళ్ళెం మీదికి వంగేది.

పెళ్ళైన కొత్తలో మావ ట్యాపెట్లని విప్పి తన ఖాకీ టోపీలో వరసగా నిలబెట్టేవాడట. ఒక రోజు కోడి వచ్చి టోపీని తన్నేసింది. మావ తల పట్టుకు కూచున్నాడు. అత్త ఇంట్లోకి వెళ్ళి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న వామనగుంటల పీట పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. "నాతో ఆడటానికి నీకెలాగూ తీరుబడి నేదు. దీన్లో పెట్టుకో," అంది. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు. పై వరస గాలి పీల్చే వాల్వులవి, కింది వరస పొగ వదిలే వాల్వులవి. ఆరు సిలిండర్ల ఇంజనుకి పన్నెండు ట్యాపెట్లు పోగా చివర రెండు గుంటలు మిగులుతాయి. ఒకదాన్లో మావ బీడీలు ఉండేవి, రెండోదాన్లో అత్త వక్కపలుకులు. చింతపిక్కలు మాత్రం ఆ పీట మళ్ళీ చూడలేదు.

మావ ఒక పాత లారీని తుక్కు కింద కొని, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో సామానూ వేసి నడిచేలా చేసేడు. చెరుకు తోలకానికి సొంత బండి. ఆ బండి అంటే ఇద్దరికీ ప్రాణం. దానికి ముందుచూపుగా ఇంకో క్యామ్ షాఫ్టు కొని ఉంచుకుందామని ఒకసారి బస్సెక్కి విశాఖపట్నం బయల్దేరేరు, వేసవి సెలవల్లో వాళ్ళింట్లోనే ఉన్నానేమో నన్ను కూడా తీసుకెళ్ళేరు. కొత్తవి దొరకవు, అరిగినవాటిని మళ్ళీ సానపట్టి అమ్ముతారు. ఆ దుకాణంలో నేల మీద షాఫ్టులు కుప్పగా పడున్నాయి. అత్త కుప్ప ముందు గొంతుక్కూచుని ఒక్కోదాని గుబ్బల మీద గోరు పెట్టి గీసి చూస్తుంటే దుకాణం ఆయనకి చిరాకొచ్చింది.

"వంకాయలు కావమ్మా అవి, ఏరుకోడానికి," అన్నాడు.

"వంకాయైతే పుచ్చుందో నేదో కోసి సూస్తాను బాబూ. దీన్ని కొయ్యలేను గదా, అందుకే ఇలగ సూస్తన్నాను," అంది అత్త.

మావ జేబులోంచి చిన్న ఆకురాయి తీసి అత్త ఏరిన ఒక్కో షాఫ్టు గుబ్బ అంచు మీదా తోసేడు. షాఫ్టుకి పైపైనే గట్టిపొర ఉంటుందిట, సాన ఎక్కువ పడితే ఆ పొర పోయి లోపలి మెత్తటి ఇనుము బయటపడుతుంది. ఆకురాయి జారితే గట్టిది, కొరికితే మెత్తది. మొదటి రెంటినీ కొరికింది. మూడోదాని మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. మావ అత్త వైపు చూసి తల ఊపేడు. తిరుగుబస్సులో ఆ షాఫ్టుని గోనెపట్టాలో చుట్టి పసిబిడ్డని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది అత్త. "రేపే ఎక్కించెయ్యి," అంది. "ఉండవే. సానపట్టిన షాఫ్టు మీద పాత ట్యాపెట్లు ఎక్కకూడదు. వాటి మొహాలు పాత గుబ్బలకే అలవాటు. కొత్త ట్యాపెట్లు దొరికిన రోజున రెండూ కలిపి ఎక్కిద్దాం," అన్నాడు మావ. ఆ షాఫ్టు మంచం కిందికి చేరింది.

కొత్త ట్యాపెట్లు దొరకలేదు. మావే పోయేడు.

అప్పటికి నాకు పెళ్ళయి అనకాపల్లి వచ్చేసేను. సీజను ముందు సొంత లారీ ఇంజను విప్పి, ట్యాపెట్లు పీటలో పేర్చి, మధ్యాన్నం భోజనం చేసి మళ్ళీ షెడ్డులోకి వెళ్ళిన మనిషి బల్ల మీద తల వాల్చేడట. పిలిస్తే పలకలేదు. నేను వెళ్ళేసరికి మావని అరుగు మీద పడుకోబెట్టేరు. అత్త ఏడవడం లేదు. వచ్చిన వాళ్ళందరినీ షెడ్డులోకి వెళ్ళకండి, బల్ల దగ్గర ఏదీ ముట్టుకోకండి అని చెబుతోంది. బల్ల మీద పీట ఉంది. పన్నెండు ట్యాపెట్లూ వరసలో నిలబడి ఉన్నాయి. చివరి గుంటలో మావ సగం కాల్చి ఆర్పిన బీడీ.

మావ తమ్ముడు కె.కోటపాడు నుంచి వచ్చేడు. మంచి మనిషి. వదినంటే భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. అందుకే చెప్పాల్సింది నేలకేసి చూస్తూ చెప్పేడు. "ఒక్కదానివి షెడ్డూ లారీ ఏం సేసుకుంటావు వొదినా. దేవరాపల్లిలో ఒకాయన బండి అడుగుతన్నాడు. ఇచ్చేసి మా ఇంటికొచ్చీ. నీకు మా ఇంట్లో కూడుకి తక్కువా?"

"కూడుకి కాదు నాయినా. ఈ ఇంట్లోంచి నేను కదిల్తే ఆయన ఎక్కడికొస్తాడు?" అంది అత్త.

చివరికి ఒక ఒప్పందానికొచ్చేరు. ఫ్యాక్టరీ సీజను మొదలెట్టే రోజుకి లారీ కదిలితే అత్త ఇష్టం. కదలకపోతే బండి దేవరాపల్లికి, అత్త కోటపాడుకి. అత్త ఒప్పుకుంది. మావ దగ్గర పని నేర్చుకున్న డ్రైవరు బిగించగలడు. వరస పీటలో ఉంది. ఎక్కడిదక్కడ నిలబెట్టి బిగించెయ్యడమే కదా.

ఆ తర్వాత జరిగింది మనవాళ్ళ ఇళ్ళల్లోనే జరుగుతుంది. మైల కడిగే రోజున ఇల్లంతా కడిగేరు. గోడలు, గడపలు, మంచాలు, ఉట్టి, దబ్బనం దాకా. అత్తని తలంటుకి కూర్చోబెట్టి ఆడవాళ్ళు తలో పనీ అందుకున్నారు. మావకి తల్లిలాంటి పెద్దక్క ఒకావిడ ఉంది, నడుం వంగిపోయిన మనిషి. ఆవిడ షెడ్డులోకి వెళ్ళి, పీటలో నల్లటి జిడ్డుతో నిలబడ్డ ఆ ముక్కల్ని చూసింది. తమ్ముడి చేతి సామాను, మైల్లో ఎలా ఉంచుతానమ్మా అనుకుంది. అన్నిట్నీ ఒళ్ళో పోసుకుని, నూతి దగ్గర కూచుని, బూడిదా చింతపండూ పెట్టి పూజ చెంబులు తోమినట్టు తోమింది. పీట కూడా కడిగింది. ఎండబెట్టింది. ఆరేక గుంటకొకటి చొప్పున పెట్టేసింది, ముద్దుగా, వెండి ముక్కల్లా.

తడి జుత్తుతో అత్త షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఆవిడ మొహం నేను ఈ జన్మలో మర్చిపోను. చాలాసేపు పీట వంకే చూసింది. ట్యాపెట్ల మాట అడగలేదు.

"బీడీ ఏదీ?" అంది.

"ఏం బీడీయే? ఆ ఎంగిలి ముక్కా? పారేసేను గదే," అంది పెద్దావిడ.

అత్త అప్పుడు కూలబడి ఏడిచింది. మావ పోయిన రోజు ఏడవాల్సిందంతా ఆ రోజు ఏడిచింది. పెద్దావిడకి తనేం తప్పు చేసిందో అర్థం కాక తనూ పక్కన కూలబడి అత్త వీపు నిమురుతూ ఏడవడం మొదలెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది కానీ ఎవరి మీద చూపించను? తమ్ముడి మీద ప్రేమతో తోమిందావిడ. మావ చేత్తో ఆఖరుసారి పేర్చిన వరస ఆ ప్రేమతోనే పోయింది.

విషయం తెలిసి మావ తమ్ముడు ఓదార్చబోయేడు. "ఇనప ముక్కలే గదా వొదినా. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఏది ఎక్కడెడితే ఏటి?" డ్రైవరు తల అడ్డంగా ఊపేడు. కొత్త ట్యాపెట్ల కోసం అనకాపల్లి వెళ్ళొచ్చేడు, విశాఖపట్నం వెళ్ళొచ్చేడు. తెప్పిస్తాం, ఎప్పుడొస్తాయో చెప్పలేం అన్నారు. ఇంకో దారి ఉందమ్మా అన్నాడు. మంచం కింద సానపట్టిన షాఫ్టు ఉంది కదా, దాని గుబ్బలకి ఎవరితోనూ అలవాటు లేదు, దాని మీదైతే వరసతో పని లేదు.

అత్త కళ్ళు తుడుచుకుని అతని వంక చూసింది. "సీజను మద్దెలో రెండూ పాడైపోతే? పాత మొగాల్ని కొత్త గుబ్బల మీద పెట్టకూడదని మీ మేస్త్రి నీకు సెప్పనేదా? నాకు సెప్పేడు."

అత్త లేచి జుత్తు ముడేసుకుంది. పాత షాఫ్టు తెమ్మంది. వీధరుగు మీద ఎండ బాగా పడే చోట రెండు గోనెసంచులు మడిచి వాటి మీద షాఫ్టుని పడుకోబెట్టించింది. పక్కన పీట పెట్టుకుంది. ఒక్కో ట్యాపెట్టుని తీసి, బొటనవేలితో మొహం రుద్ది, ఎండకి వాల్చి, గుబ్బ మీద నిలబెట్టి, దగ్గరగా చెవి వంచి తిప్పి చూడడం మొదలెట్టింది. చూసే జనానికి పిచ్చెక్కిందనిపించింది. ఒకరిద్దరు అన్నారు కూడా. నేను వాళ్ళని వెళ్ళి మీ ఇళ్ళల్లో పన్లు చూసుకోండమ్మా అని పంపించేసేను.

మావ పేర్చిన ట్యాపెట్లని ఎన్ని సీజన్లు కడిగిందో ఆవిడ. బూడిద పెట్టి తోమినా ఆవిడ చేతికి గుర్తున్నాయి. "ఇది మూడో సిలిండరు పొగ వాల్వుది. నడుంకి గీతుంది సూడు, మీ మావ పట్టకారు జారి గీసేడు. ఆ రోజు నన్ను తిట్టేడు, నేనేదో మాటాడించేనని." ఇంకోటి తీసింది. "ఇది మొదటిదాని గాలి వాల్వుది. దీని అంచు గోటికి తగుల్తుంది. ఎన్నిసార్లు తగిలిందో." ఇలాగే ఒక్కోదానికీ ఒక్కో మాట చెబుతూ, గుంటలో పెడుతూ వచ్చింది. కొన్నిటికి తిట్లు గుర్తొచ్చేయి, ఒకదానికి నవ్వొచ్చింది. మావ పోయేక ఆవిడ నవ్వడం అదే మొదలు. నేను పక్కన కూచుని వింటున్నాను. మావతో ఆవిడ కాపురం మొత్తం ఆ అరుగు మీద ఎండబెట్టినట్టుంది నాకు.

చివరికి రెండు మిగిలేయి. నాలుగోదానివీ ఐదోదానివీ, రెండూ గాలి వాల్వులవే. గీత లేదు, అంచు లేదు, మచ్చ లేదు. రెండు చేతుల్లో చెరొకటి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. అటుదిటూ ఇటుదటూ మార్చి గుబ్బల మీద పెట్టి చూసింది. ఎండ అరుగు దిగిపోతోంది. "ఇది ఇక్కడ. ఇది ఇక్కడ," అని రెంటినీ రెండు గుంటల్లో పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది.

సీజను మొదలైన రోజున, మావ తమ్ముడి ముందర, డ్రైవరు ఇంజను తిప్పేడు. కాస్త దగ్గి, పొగ వదిలి, అందుకుంది. మావ తమ్ముడు బానెట్టు మీద చెయ్యి పెట్టి, "ఆడతన్నాది వొదినా," అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. దేవరాపల్లి మాట మళ్ళీ ఎత్తలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. మేమంతా సంబరపడుతుంటే అత్త మాత్రం చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమంది.

"వినండి," అంది.

విన్నాం. టక్, టక్, టక్.

"ఆ రెండే. నేను తప్పెట్టేను," అంది అత్త.

డ్రైవరు పైన మూత తీసి వాల్వుల దగ్గర సందులు సరిచేసేడు. చప్పుడు ఒక పూట తగ్గింది, మళ్ళీ వచ్చింది. "రాకరు బుష్షు వదులయ్యిందేమోనమ్మా. ట్యాపెట్ల తప్పు కాకపోవచ్చు. ఓపాలి విప్పి సూస్తాను," అన్నాడు. అత్తకి కోపం వచ్చింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "నాకు సర్ది సెప్పకు. విప్పొద్దు. నడుస్తన్నాది గదా, నడవనీ," అంది. ప్రతీ ఏడూ సీజను ముందు ఇదే మాట. డ్రైవరు అడగడం, అత్త వద్దనడం. కారణం ఆవిడ నాకొక్కదానికే చెప్పింది. విప్పితే ఆ రెండూ గుబ్బల్ని తినేసి ఉంటాయి, మావ వరసని తన చేత్తో పాడుచేసేనని కళ్ళారా చూడాల్సొస్తుంది. అది చూసి బతకలేనంది.

అలా ఆ చప్పుడు ఆవిడ ఇంట్లో కాపురం పెట్టేసింది. లారీ ఊళ్ళో లేనప్పుడు కూడా వినేది. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలోనే ఆపి, "విన్నావా?" అనేది. పక్కింట్లో రోకటి పోటు వినబడితే లేచి షెడ్డు దాకా వెళ్ళొచ్చేది. నా కానుపుకి మా ఇంట్లో ఉండడానికి వచ్చినప్పుడు, మొదటి రోజే గోడ గడియారం ఆపించేసింది. "అది కూడా తట్టతన్నాదే," అంది. బాలింతని కదా, నాకు భయం వేసింది. ఎవరు తడుతున్నారత్తా అని అడగలేదు. నాకు తెలుసు కాబట్టి అడగలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో టైము ఎంతయిందో ఎవరికీ తెలీదు.

ఇలా చెబితే అత్త ఎప్పుడూ దిగులుగా ఉండేదనుకుంటారేమో. కాదు. నోరు మహా గడుసు. ఒకసారి మా ఆయనతో పోట్లాడి బ్యాగు సర్దుకుని చోడవరం వచ్చేసేను. ఎందుకొచ్చేవని కూడా అడగలేదు. కిరసనాయిలు పళ్ళెం నా ముందుకి తోసి, ఎవరిదో నీళ్ళింజను సామాను కడగమంది. నా చీరంతా నాశనం అయ్యింది. పొద్దెక్కేక నేనే మొదలెట్టేను. కలిసి అరిగినోటిని విడదియ్యకూడదని మావ అనేవాడు కదా, మరి నా సంగతేంటీ అన్నాను. అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "అది అరిగినోటి సంగతే. మీరింకా అరగనేదు, కలవనూ నేదు. సామాను కడిగి బేగి బస్సెక్కు," అంది. కడిగేను, ఎక్కేను. ఇప్పటికీ మేమిద్దరం కోపం వచ్చినప్పుడల్లా ఇంకా అరగలేదు అనుకుంటాం. ఆవిడకి నేను పడ్డ రుణాల్లో ఇదొకటి.

ఇంకో మాట అనేది. కొత్త చీర కట్టుకుని పాత దిగులు మోస్తున్న ఆడవాళ్ళని చూస్తే అనేది. "కడిగినంత మాత్రాన కొత్తదైపోదే." మొదట్లో అది ఇంజను సామాను గురించే అనుకున్నాను. మైల కడిగిన రోజు తర్వాత ఇంకెప్పుడూ నవ్వుతూ అనలేదు ఆ మాట.

అత్త పెద్దకార్యం నాడు మళ్ళీ ఇల్లంతా కడిగేరు. పీట దగ్గరికి ఎవరైనా వస్తారేమోనని నేను బల్ల పక్కనే కూర్చున్నాను. ఒకావిడ బక్కెట్టు పట్టుకుని రానే వచ్చింది. "ఇది వద్దు," అన్నాను. నా గొంతు ఎలా ఉందో, ఆవిడ బక్కెట్టుతో అలాగే వెనక్కి తిరిగింది.

తర్వాత నాలుగు రోజులకి డ్రైవరు వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. సీజను దగ్గర పడుతోంది. లారీ ఇక అతనే చూసుకోవాలని మావ తమ్ముడు చెప్పేడు. "ఇప్పుడు విప్పనా అమ్మా?" అని అడిగేడు. అత్త వద్దన్న పని. వద్దనడానికి అత్త లేదు. చివరికి విప్పు, నేను కూడా చూస్తాను అన్నాను.

పీట బల్ల మీద పెట్టుకున్నాడు. ఒక్కో ట్యాపెట్టూ పైకి తీసి, తుడిచి, దాని గుంటలో నిలబెట్టుకుంటూ వచ్చేడు. నాలుగోదీ ఐదోదీ ఆఖర్న తీసేడు. వాటిని గుంటల్లో పెట్టలేదు. వెలుతురులోకి వెళ్ళి మొహాలు వాల్చి చూసేడు. తర్వాత ఇంజను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, టార్చిలైటు వేసి, షాఫ్టు గుబ్బల్ని చాలాసేపు చూసేడు. వేలు పెట్టి తడిమేడు.

"అమ్మా, రండోపాలి."

వెళ్ళేను. ట్యాపెట్ల మొహాల్లో నా మొహం కనబడింది. గుబ్బలు కూడా నున్నగా, మిగతా వాటిలాగే ఉన్నాయి. నాకర్థం కాలేదు. అతనే చెప్పేడు.

"తప్పు గుబ్బ మీదుంటే ఇన్ని సీజన్లు ఉంటాదా అమ్మా ఇది? మొగం గుంటడిపోను. గుబ్బని తినేసుండును. సూడండి, గీత నేదు. అమ్మ సరిగ్గానే ఎట్టింది. అన్నీ. ఒక్కటీ తప్పనేదు."

అప్పుడు పైన రాకర్లు విప్పేడు. ఒకదాని బుష్షు వదులైపోయి వేలితో ఊపితే ఊగింది. దాన్ని నా చేతిలో పెట్టేడు. మీట ఊగే చోట ఉండే చిన్న ఇత్తడి కడియం. ఇన్నేళ్ళు మా అత్తని అన్నం తిననివ్వనిది, మా ఇంట్లో గడియారం ఆపించినది అదే. దాన్ని నూతిలోకి విసిరెయ్యాలన్నంత కోపం వచ్చింది. విసరలేదు. చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అత్త ఇది తెలియకుండానే పోయింది. మావ పేర్చిన వరసని ఆవిడ వేళ్ళు ఒక్క గుంట తేడా లేకుండా మళ్ళీ పేర్చేయి. ఆ సంగతి ఈ లోకంలో ఆవిడకొక్కదానికే తెలీదు. చెప్పడానికి మనిషి లేదు.

డ్రైవరు ట్యాపెట్లని వరసలోనే తిరిగి దించేడు. కొత్త బుష్షు వేసేడు. ఇంజను తిప్పేడు. మెత్తగా, నున్నగా ఆడింది. తట్టడం లేదు. బాగైన ఇంజను చప్పుడు వినలేక నేను పెరట్లోకి వెళ్ళిపోయేను. లారీ షెడ్డులోంచి బయటికొచ్చి, రోడ్డెక్కి, ఫ్యాక్టరీ వైపు వెళ్ళింది. ఎంత దూరం వెళ్ళిందో పోల్చుకోడానికి ఆ తట్టుడు లేదు. మిగతా లారీల్లో కలిసిపోయింది.

పీటని తెచ్చి వీధరుగు మీద ఎండలో పెట్టేను, అప్పుడు అత్త కూర్చున్న చోటే. పెద్దావిడ అంత బూడిద పెట్టి తోమిందా, కొయ్య లోపల ఇంకిన నూనె మాత్రం పోలేదు. ఎండ తగిలేసరికి పన్నెండు గుంటల్లోనూ నెమ్మదిగా పైకి ఊరింది, ఒక్కో దాన్లో నల్లగా, గుండ్రంగా. చివరి రెండూ పొడిగా ఉన్నాయి. ఒకదాన్లో అత్త డబ్బీలోంచి నాలుగు వక్కపలుకులు వేసేను. డ్రైవరు బల్ల మీద వదిలేసిన బీడీ ఒకటి తెచ్చి రెండోదాన్లో పెట్టేను. తర్వాత ఒక్కో గుంట మీదా వేలు పెట్టుకుంటూ వచ్చి, నాలుగోదాని దగ్గర ఆగి, "సరిగ్గానే పెట్టేవత్తా," అన్నాను. ఐదోదాని దగ్గర మళ్ళీ అన్నాను. లోపలికి వెళ్ళేటప్పుడు గుమ్మానికి చెయ్యి ఆనించేనేమో, తలుపు మీద నా వేలి నూనె మచ్చ పడింది. దాన్ని ఎవర్నీ తుడవనివ్వలేదు.